ఒక యాప్‌లో 92, ఇంకోదాంట్లో 149: గాలి లెక్కల మీద పాఠకుల ప్రశ్నలు

చలికాలం రాగానే మాకొచ్చే ఉత్తరాల్లో సగం గాలి గురించే ఉంటాయి. ఈసారి ఒకే రకం సందేహాలు చాలా వచ్చాయి కాబట్టి వాటిలోంచి నాలుగు తీసుకున్నాం.

ప్రశ్న: సార్, మా నాన్నగారికి ఆస్తమా. పొద్దున్నే వాకింగ్‌కి బయల్దేరే ముందు గాలి ఎలా ఉందో ఫోన్‌లో చూసి చెప్పమంటారు. ఒక యాప్‌లో 92 ఉంటే అదే టైమ్‌కి ఇంకో యాప్ 149 అంటోంది. ఒకటేమో పర్లేదంటుంది, ఇంకోటి జాగ్రత్త అంటుంది. రోజూ ఇదే టెన్షన్. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చమ్మా. మెషీన్ కొలిచేది ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందన్నది. మీ యాప్‌లు చూపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంటే ఆ కొలతని ఒక పట్టికలో వేసి తీసిన మార్కు, ఆ పట్టిక దేశానికొకటి ఉంటుంది. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్న కణాలు, 55 మైక్రోగ్రాములు ఉన్నాయనుకోండి. మన పట్టికలో అది 92, ‘సంతృప్తికరం’. అమెరికా పట్టికలో 149, ‘ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లకు మంచిది కాదు’. గాలి అదే, ధూళి అదే. 24 గంటల సగటుకి మనం పెట్టుకున్న హద్దు 60 మైక్రోగ్రాములైతే అమెరికాది 35, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మీ నాన్నగారి ఊపిరితిత్తులకి మాత్రం ఏ దేశపు పట్టికతోనూ పని లేదు కాబట్టి, నన్నడిగితే ఆయన విషయంలో కాస్త కఠినంగా ఉన్నదాన్నే చూడండి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. మన ఏక్యూఐలో ధూళి లెక్క గడిచిన 24 గంటల సగటు. పొద్దున ఆరింటికి మీరు చూసే అంకెలో నిన్న మధ్యాహ్నం ఎండలో గాలి బాగున్న గంటలు కూడా కలిసి ఉంటాయి. దీపావళి రాత్రి ఇది బాగా తెలుస్తుంది. పది గంటలకి వీధి కనిపించనంత పొగ ఉన్నా అంకె మెల్లగా పెరుగుతుంది, మర్నాడు మధ్యాహ్నం పొగ పోయాక కూడా తొందరగా దిగదు. జనమేమో అధికారులు దాస్తున్నారని తిట్టుకుంటారు (దాయడానికి అక్కడేమీ లేదు, సగటు లెక్క ఎప్పుడూ అంతే). పైగా ఎనిమిది కాలుష్యాలకి విడివిడిగా మార్కులు వేసి, అందులో అన్నిటికన్నా చెడ్డదాన్నే ఏక్యూఐగా చూపిస్తారు. అంటే 110 అని కనిపిస్తే అది రోడ్డు దుమ్ము వల్లో, వాహనాల పొగ వల్లో ఆ ఒక్క అంకెతో తెలియదు.

అందుకని ఇలా చేయండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో సనత్‌నగర్ లాంటి మీకు దగ్గరి స్టేషన్ ఎంచుకుని, గంటగంటకీ వచ్చే పీఎం 2.5ని మైక్రోగ్రాముల్లోనే చూడండి. రోజూ అదే స్టేషన్ చూడాలి. వారం తిరిగేసరికి మీ ఏరియాలో ఏ గంట మంచిదో మీకే అర్థమవుతుంది. శీతాకాలంలో మామూలుగా తెల్లవారుజామే అన్నిటికన్నా చెడ్డ టైమ్. ఐదింటికే కేబీఆర్ పార్కు గేటు దగ్గర నిలబడేవాళ్లకి ఈ మాట నచ్చదని తెలుసు, అయినా ఎండ బాగా వచ్చాక వెళ్లమనే చెప్తాను.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో గాలి నాణ్యత చూపించే చిన్న మెషీన్ కొన్నాను. పోపు పెట్టినా, సాంబ్రాణి వేసినా అంకె 300 దాటిపోతోంది. మంచు పట్టిన రోజు బాల్కనీలో పెట్టినా అంతే. డబ్బులు దండగేనా అన్నా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: దండగేం కాదు తమ్ముడూ, దాని పని తీరు తెలిస్తే చాలు. అందులో చిన్న లేజర్, చిన్న ఫ్యాన్ ఉంటాయి. ఫ్యాన్ గాలిని లాగుతుంది, కణాల మీద పడి చెదిరిన వెలుగుని బట్టి అది ధూళిని అంచనా వేస్తుంది. వంటింట్లో చూపించింది చాలావరకు నిజమే. కాగిన నూనె ఆవిరి, సాంబ్రాణి పొగ నిజంగానే సన్నటి కణాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి చూడు, ఎంతసేపట్లో దిగుతుందో తెలుస్తుంది. మంచు రోజు సంగతి వేరు. తేమకి కణాలు ఉబ్బుతాయి, మంచు బిందువులు కూడా వెలుగుని చెదరగొడతాయి, మెషీన్‌కేమో నీళ్లకీ పొగకీ తేడా తెలియదు.

ప్రభుత్వ స్టేషన్లలో చాలాచోట్ల వేరే పద్ధతి. లోపల క్యాసెట్ టేపులా ఒక ఫిల్టర్ చుట్ట ఉంటుంది. పైనుంచి గొట్టంలో వచ్చే గాలిని కాస్త వేడి చేసి తేమ తగ్గించి ఆ టేపు గుండా లాగుతారు. గంటకోసారి టేపు జరుగుతుంది, జరిగిన ప్రతి చోటా ఒక గుండ్రటి బూడిద రంగు మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి బయటికి వస్తున్నాయో చూసి ధూళి బరువు లెక్కగడతారు. చెడ్డ గంటల మచ్చలు కంటికే నల్లగా కనిపిస్తాయి. నీ మెషీన్‌తో అంత కచ్చితత్వం రాదు. కానీ ఏ కిటికీ ఎప్పుడు మూయాలి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి, ఇలాంటివాటికి బాగానే పనికొస్తుంది.

ప్రశ్న: రేపు వాన పడుతుందని ముందే చెప్తారు కదా, రేపటి కాలుష్యం ఎందుకు చెప్పలేరు?
– ఇంటర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: చెప్తారు, కాకపోతే మన వీధి దాకా రాదు. యూరప్ వాళ్ల కోపర్నికస్ అనే కంప్యూటర్ మోడల్ ప్రపంచమంతటికీ ఐదు రోజుల అంచనా ఇస్తుంది, కానీ అది మ్యాప్‌ని గడులుగా విడగొట్టి గడికో అంకె చెప్తుంది, ఒక్కో గడి దాదాపు 40 కిలోమీటర్లు. అవుటర్ రింగ్ రోడ్డు లోపలి ఊరంతా కొద్ది గడుల్లోనే సర్దుకుపోతుంది, ఇక చార్మినార్‌కీ కోకాపేటకీ తేడా ఎక్కడ తెలుస్తుంది? ఢిల్లీకైతే పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రవేత్తలు 400 మీటర్ల గడులతో మోడల్ నడుపుతున్నారు. దాని వెనక ఏళ్ల తరబడి పోగేసిన కొలతలు, ఎక్కడ ఎంత పొగ వస్తుందన్న లెక్కలు ఉన్నాయి.

అసలు కష్టం ఆ పొగ లెక్కలతోనే. వాతావరణం వరకు మనవాళ్లు బాగానే పట్టుకుంటారు. బేగంపేట నుంచి వాతావరణ శాఖ బెలూన్లు వదిలి పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారుతుందో కొలుస్తుంది. మామూలుగా పైకెళ్తే చల్లబడాలి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి వీయని చలి రాత్రుల్లో నేల తొందరగా చల్లారి, చల్లగాలి కింద, వెచ్చగాలి పైన ఉండిపోతుంది. అప్పుడు గిన్నె మీద మూత పెట్టినట్టు పొగంతా కిందే ఆగుతుంది. భోగి మంటలు సరిగ్గా ఆ టైమ్‌లోనే వేస్తాం మరి! మూత ఎప్పుడు పడుతుందో చెప్పొచ్చు, కానీ దాని కింద ఎవరు చెత్త తగలబెడతారో, ఏ రోడ్డు తవ్వుతారో ఏ మోడల్‌కి ముందే తెలుస్తుంది? నువ్వే ఒక పని చెయ్. ‘రేపూ ఇవాళ్టిలాగే ఉంటుంది’ అని ఒక నెల పాటు రాసి, మర్నాటి అసలు కొలతతో పోల్చు. చాలా రోజులు దగ్గరగానే వస్తుంది. ఏ మోడలైనా ముందు దీన్ని ఓడించాలి, అదీ గాలి ఉన్నట్టుండి మారే రోజుల్లో. అక్కడే చాలా మోడళ్లు తేలిపోతాయి.

ప్రశ్న: బండి మీద వెళ్లేటప్పుడు ముఖానికి చున్నీ చుట్టుకుంటే సరిపోతుందా?
– ఒక ఉద్యోగిని, ఉప్పల్

జవాబు: ఎండకి, పెద్ద దుమ్ముకి సరిపోతుంది. పీఎం 2.5కి పెద్దగా లాభం లేదు. ఎన్95 మాస్క్ అయితే పనిచేస్తుంది, ముక్కు దగ్గర క్లిప్ నొక్కి, చెంపల పక్క నుంచి గాలి రాకుండా పెట్టుకోవాలి. మాస్క్ పెట్టుకున్నాక కూడా కళ్లద్దాలు మసకబారుతుంటే అది సరిగ్గా కూర్చోలేదన్నమాట.