కీబోర్డు తెల్ల మెట్ల మీద ఏం వాయించినా ఒకేలా వినిపిస్తోందా?

డోరియన్, ఫ్రిజియన్ అంటూ మోడ్స్ (అవే స్వరాల్ని వేరే స్వరం నుంచి మొదలుపెట్టే వరుసలు) మార్చి చిన్న ట్యూన్లు కడుతున్నా అన్నీ సి మేజర్‌లాగే ఉంటున్నాయని అడిగారు కదా, మీరు శ్రుతి (వెనకాల మోగుతూ ఉండే ఆధార స్వరం) పెట్టకుండా వాయిస్తున్నారని నా అనుమానం. విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకి కీబోర్డు చెప్తుంటాను, వాళ్లలో చాలామందికి వచ్చే ఇబ్బందే ఇది.

ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని రెండు శ్రుతి, అంటే డి, ఆన్ చేయండి. ఇప్పుడు అవే తెల్ల మెట్లు డి నుంచి డి దాకా వాయిస్తే డోరియన్, మన లెక్కలో ఖరహరప్రియ. శ్రుతి మూడుకి, అంటే ఇ కి మారిస్తే ఫ్రిజియన్, తోడి స్వరాలు (స్వరాలే సుమా, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, లేకుండా వాయించి తోడి అంటే మాస్టార్లు ఊరుకోరు). చెవి దేన్ని సా అనుకుంటుందో దాన్నిబట్టే మిగతా స్వరాల రంగు మారుతుంది. ఎడమ చేత్తో కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) కొన్నాళ్లు ఆపేయండి, సి, ఎఫ్, జి కార్డ్స్ పడ్డాయంటే చెవి మళ్లీ సి దగ్గరకే పోతుంది.

అసలు ఏడు స్వరాలతో మొదలుపెట్టకండి. నల్ల మెట్లు ఐదే. నాలుగున్నర (ఎఫ్ పక్కన కుడివైపు నల్ల మెట్టు, మిగతా అరలూ ఇలాగే) నుంచి వాయిస్తే మోహనం, ఐదున్నర నుంచి మధ్యమావతి, ఆరున్నర నుంచి హిందోళం, ఒకటిన్నర నుంచి శుద్ధ సావేరి, రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. దీన్నే గ్రహభేదం అంటారు. ఒకమ్మాయి మోహనంలో హుషారుగా కట్టిన ట్యూన్‌నే తీసుకుని తంబురా ఆరున్నరకి మార్చి, హిందోళానికి పంచమం లేదు కాబట్టి పా తీగ బదులు మా పెట్టి, చివరి స్వరం కొత్త సా మీదకి తెచ్చి వాయించమన్నాను. "ఇది నా ట్యూనేనా సార్, ఇంత దిగులుగా ఉందేంటి" అంది.

ట్యూన్ కట్టడానికి ఆదితాళంలో రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు) చాలు, మొదటిది రీ మీదో పా మీదో ఆపి రెండోది సా మీద దింపండి. ఆ మోడ్‌ని పట్టిచ్చే స్వరాన్ని దాచకండి. కల్యాణి, అదే లిడియన్ కడుతూ ప్రతి మధ్యమం (రెండు మా లలో పై మా) తగలకుండా తిరిగితే వినేవాళ్లకి అది శంకరాభరణమో కల్యాణో ఎలా తెలుస్తుంది?

స్వరాలు తక్కువైతే ట్యూన్ రాదన్న టెన్షన్ వద్దు. విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన బాలమురళీకృష్ణ గారు సృష్టించిన మహతి రాగంలో స గ ప ని నాలుగే స్వరాలు. కీబోర్డు వాళ్ల భాషలో సి సెవెన్ కార్డ్‌ని విడదీసి వాయించినట్టే, ఆయన దాంట్లో ఏకంగా కృతి కట్టేశారు.