మహిళల స్నోబోర్డింగ్‌లో గాల్లో తిరిగే చుట్లు తక్కువ కదా, మరి చూడటానికి ఏముంది?

బిగ్ ఎయిర్‌లో, అంటే ఒకే పెద్ద జంప్ మీంచి ఎగిరే పోటీలో, మగవాళ్ళు ఐదు చుట్లు తిరుగుతుంటే ఆడవాళ్ళు అంతకన్నా తక్కువ చుట్లతోనే పతకాలు తెచ్చుకుంటున్నారని, అందుకే మహిళల పోటీ మీకు చప్పగా అనిపిస్తోందని అడిగారు. ఒకప్పుడు నేనూ ఇలాగే చుట్లు లెక్కపెట్టుకుంటూ చూసేదాన్ని. ముప్పై నాలుగో ఏట నేనే బోర్డు ఎక్కాక ఆ అలవాటు పోయింది.

నేను నేర్చుకున్న వాలు చిన్నపిల్లలు నడిచి దిగేంత చిన్నది. రెండు పాదాలూ ఒకే బోర్డుకు బిగించి ఉంటాయి, ఒంటిని పక్కకు తిప్పి నిలబడాలి. బరువు కొంచెం తప్పి కిందివైపు అంచు మీద పడితే ఆ అంచు మంచులో గుచ్చుకుంటుంది. పడుతున్నామని తెలిసేలోపే పడిపోయి ఉంటాం. మూడో రోజు అలాగే పడుతూ చెయ్యి చాచాను, మణికట్టు విరిగింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఎక్కువగా తగిలే దెబ్బ అదే. తర్వాతి చలికాలం మళ్ళీ వెళ్ళాను. చెయ్యి బాగైంది గానీ టెన్షన్ పోలేదు. అదే చిన్న వాలు పైన బోర్డు బిగించుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ పై ఏడాది మోకాలెత్తు జంప్ మీద బ్యాక్‌సైడ్ 180, అంటే అర చుట్టు, నేర్చుకోవడం మొదలుపెట్టాను. అందులో ముందు మన వీపు కిందివైపు తిరుగుతుంది. ఎక్కడ దిగబోతున్నామో ఆ క్షణంలో కంటికి కనబడదు. ఒంట్లో ప్రతి కండరమూ వద్దంటున్నా తిరగాలి. అర చుట్టుకే నాకు సీజన్ మొత్తం పట్టింది. మూడు చుట్లను 1080 అంటారు. దాన్ని హాఫ్‌పైప్‌లో, అంటే రెండు వైపులా ఎత్తైన మంచు గోడలున్న పొడవాటి కాలువలాంటి దాంట్లో, ఒక గోడ మీద వేసి, దిగిన వేగంతోనే ఎదుటి గోడ ఎక్కి వెంటనే ఇంకోటి వేయడాన్ని ఇప్పుడు నేను అంకెల్లో కొలవలేను. 2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో పదిహేడేళ్ళ అమెరికా అమ్మాయి క్లోయీ కిమ్ చేసింది అదే. చివరి రన్ మొదలయ్యేసరికే బంగారం ఖాయమైపోయింది. ఊరికే జారుకుంటూ కిందికి వచ్చినా సరిపోయేది. అయినా వరుసగా రెండు 1080లు వేసి వందకు 98.25 తెచ్చుకుంది. ఆ గోడలు దాదాపు ఏడు మీటర్ల ఎత్తు, మంచు రాయిలా గట్టిగా ఉంటుంది. మగవాళ్ళు దిగే పైప్ కూడా అదే. ఆడవాళ్ళ కోసం గోడలేమీ తగ్గించరు.

నన్ను ఇంకా బాగా కదిలించింది మాత్రం అదే ఒలింపిక్స్‌లోని మహిళల స్లోప్‌స్టైల్, అంటే పట్టాలూ వరుస జంపులూ ఉన్న వాలు మీద జరిగే పోటీ. గాలి విపరీతంగా వీచి క్వాలిఫికేషన్ రద్దయింది. మర్నాడు అందరినీ నేరుగా రెండు రన్‌ల ఫైనల్‌కు దింపారు. గాలి ఇంకా తగ్గలేదు. జంప్‌కు వెళ్ళేటప్పుడు ఎదురుగాలికి వేగం పడిపోతే దిగాల్సిన వాలు దాకా చేరలేం, అంతకుముందే ఉన్న చదును మీద పడతాం. ఆ దెబ్బ నేరుగా మోకాళ్ళకు తగులుతుంది. ఆ రోజు ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. అమెరికాకు చెందిన జేమీ ఆండర్సన్ 83.00తో గెలిచింది. స్కోరు మాత్రమే చూస్తే మామూలుగా అనిపించవచ్చు, ఆ గాలిలో నిలబడి రావడమే నాకు గొప్పగా అనిపించింది. పోటీ జరిగిన తీరును ఆస్ట్రియాకు చెందిన అన్నా గాసర్ బాహాటంగానే తప్పుబట్టింది. ఆ రోజు ఆమె కూడా పడింది. కొద్ది రోజులకే బిగ్ ఎయిర్‌లో బంగారం గెలిచింది, 2022లో మళ్ళీ గెలిచింది.

ఆస్ట్రేలియా అమ్మాయి టెస్ కోడీకి ఆ ఫైనల్లో దిగే అవకాశం కూడా దక్కలేదు. ప్రాక్టీసులోనే గాలి దెబ్బకు సరిగా దిగలేక మోకాలి లిగమెంట్ తెగింది. నాలుగేళ్ళ తర్వాత బీజింగ్‌లో స్లోప్‌స్టైల్ కాంస్యం తీసుకుంది. ఒక్క మణికట్టు విరిగినందుకే చిన్న వాలు మీద కదల్లేకపోయినదాన్ని కాబట్టి, అంత దెబ్బ తిన్నాక ఆమె మళ్ళీ ఒలింపిక్ జంప్ పైన నిలబడటం చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

అమెరికా స్నోబోర్డర్ లిండ్సే జేకబెల్లిస్ సంగతి మీరు వినే ఉంటారు. 2006 ఒలింపిక్స్‌లో స్నోబోర్డ్ క్రాస్, అంటే కొందరు ఒకేసారి పోటీపడి దిగే పందెం, ఫైనల్లో చాలా ముందుండి కూడా, చివర్లో ఒక జంప్ మీద సరదాగా బోర్డు పట్టుకోబోయి పడింది, బంగారం పోయింది. ఆ బంగారం 2022లో, ముప్పై ఆరేళ్ళ వయసులో గెలిచింది.

ఇక ఎలా చూడాలంటే, గాల్లో ఉన్నప్పటికన్నా దిగాక మొదటి రెండు సెకన్లు గమనించండి. చెయ్యి మంచుకు తగిలిందా? బోర్డు తిన్నగా ముందుకే పోతోందా, పక్కకు జారుతోందా? తర్వాతి జంప్‌కు కావలసిన వేగం మిగిలిందా? గాల్లో బోర్డును గట్టిగా పట్టుకుందా, ఊరికే తాకి వదిలేసిందా? జడ్జీలు ఇవన్నీ చూస్తారు. బీజింగ్ స్లోప్‌స్టైల్‌లో న్యూజిలాండ్ అమ్మాయి జోయి సడౌస్కీ సిన్నాట్ చివరి రన్ దొరికితే ఈ కళ్ళతో చూడండి. చివరి జంప్ దిగిన తీరు చూశాక స్కోరు కోసం ఆగనక్కర్లేదు. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న జూలియా మరీనో, ఆమెతో పాటు టెస్ కోడీ కూడా పరుగున వచ్చి ఆమె మీద పడి కావలించుకున్నారు.