బ్లాకుల లెక్క తప్పితే ముందు గుర్తు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఫైళ్ళన్నీ చెరిపేసినా లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో చోటు తిరిగి రావడం లేదని రాశావు. కోడ్ తెరిచేముందు అది బగ్గో కాదో తేల్చుకో. డిస్క్‌లో ఖాళీ చూపే డీఎఫ్, ఫైళ్ళు పట్టిన చోటు కూడే డీయూ లెక్కలు కలవకపోవడం చాలాసార్లు మామూలే. చెరిపిన ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే దాని బ్లాకులు, అంటే డిస్క్ మీద దానికిచ్చిన చోటు ముక్కలు, విడుదల కావు. తెరిచి ఉన్న ఫైళ్ళని చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ని ప్లస్ ఎల్1తో నడిపితే ఆ ప్రాసెస్ దొరుకుతుంది. ఫార్మాట్ చేసేటప్పుడు రూట్ (అడ్మిన్ యూజర్) కోసం మామూలుగా 5 శాతం పక్కన పెడతారు, అదీ లెక్కలో వేసుకో. డైరెక్టరీ సంగతి కూడా మర్చిపోకు. వేల ఫైళ్ళు పెట్టి తీసేసినా ఈఎక్స్‌టీ4లో డైరెక్టరీ పెరిగిన చోటే ఉండిపోతుంది, చిన్నది కాదు.

ఇవేవీ కాదంటే అన్‌మౌంట్ చేసి, డిస్క్‌కి కాపీ తీసి, కాపీ మీదే పని చెయ్యి. ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేకి మైనస్ ఎఫ్, మైనస్ ఎన్ రెండూ ఇవ్వు. మొదటిది తనిఖీ తప్పనిసరి చేస్తుంది, రెండోది దేన్నీ మార్చనివ్వదు. మౌంటై ఉన్నదాని మీద నడిపితే లేని తప్పులన్నీ చూపిస్తుంది, వాటిని నమ్మకు. తనిఖీ ఐదో పాస్‌లో బ్లాక్ బిట్‌మ్యాప్ (ఏ బ్లాక్ వాడుకలో ఉందో, ఏది ఖాళీయో రాసే పట్టిక) తేడాలు వస్తాయి. ప్రతి నంబర్ ముందూ ఉండే గుర్తే అసలు సంగతి.

మైనస్ ఉంటే బిట్‌మ్యాప్‌లో వాడుకలో ఉన్న బ్లాక్‌కి సొంతదారు ఎవరూ లేరని. అది లీక్: చోటు పోయింది, డేటా పోలేదు. ప్లస్ ఉంటే ఫైల్ వాడుతున్న బ్లాక్‌ని బిట్‌మ్యాప్ ఖాళీ అంటోందని. ఒకే స్థలాన్ని ఇద్దరికి రిజిస్టర్ చెయ్యడానికి కాగితాలు సిద్ధమైనట్టే. రేపు ఆ బ్లాక్ ఇంకో ఫైల్‌కి వెళ్తుంది, పాత డేటా మీద కొత్తది పడుతుంది. ప్లస్ కనబడితే మిగతా పనులన్నీ ఆపు.

తనిఖీలో ఏ తప్పూ రాలేదు, మళ్ళీ మౌంట్ చేస్తే చోటు తిరిగొచ్చింది అనుకో. అప్పుడు తప్పు డిస్క్ మీద లేదు, మెమరీలో ఉంది. ఈఎక్స్‌టీ4 రాసేటప్పుడే బ్లాక్ ఇవ్వదు. ముందు చోటు రిజర్వ్ చేసుకుని, డేటా డిస్క్‌కి వెళ్ళేటప్పుడు బ్లాక్ కేటాయిస్తుంది. ఆ రిజర్వేషన్ వదలడం మర్చిపోతే డిస్క్ నిండినట్టు కనిపిస్తుంది. కెర్నల్ లోపలి అంకెలు చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో డిలేడ్ అలొకేషన్ బ్లాకుల (ఇలా రిజర్వ్ అయినవాటి) సంఖ్య చూడు. రాయడాలన్నీ ఆపి, మెమరీలో ఉన్నదంతా డిస్క్‌కి వెళ్ళేలా సింక్ చేశాక కూడా అది సున్నాకి రాకపోతే దొంగ దొరికినట్టే. ఇనోడ్‌లో (ఒక్కో ఫైల్ వివరాలుండే రికార్డు) రిజర్వ్ బ్లాకులు మిగిలిపోయాయని కెర్నల్ లాగ్‌లో ఫిర్యాదు కూడా ఉండొచ్చు.

బగ్‌ని మళ్ళీ పుట్టించడానికి పెద్ద డిస్క్ వద్దు. 64 ఎంబీ ఇమేజ్ ఫైల్‌ని 1 కేబీ బ్లాకులతో ఫార్మాట్ చెయ్యి. ఈఎక్స్‌టీ4 బ్లాకుల్ని గ్రూపులుగా విడగొడుతుంది. 4 కేబీ బ్లాక్‌తో ఒక్కో గ్రూప్ 32,768 బ్లాకులు, అంటే 128 ఎంబీ. నీ ఇమేజ్ మొత్తం ఒక్క గ్రూప్‌లోనే ఇమిడిపోతుంది. 1 కేబీతో గ్రూప్ 8,192 బ్లాకులు, 8 ఎంబీ. గ్రూప్ సరిహద్దులో దాగిన తప్పులు అప్పుడే బయటపడతాయి. ఒక సబ్‌డైరెక్టరీలో చోటు అయిపోయేదాకా నింపి, సబ్‌డైరెక్టరీతో సహా తీసేసి, సింక్ చేసి, ఖాళీ బ్లాకులు మొదటి సంఖ్యకి వచ్చాయేమో చూడు. ఇదే లూప్‌లో తిప్పు. ప్రతిసారీ ఒకే సంఖ్య తగ్గుతుంటే కోడ్‌లో లీకయ్యే దారి ఒక్కటే.

ఇక కోడ్. ఏదీ విఫలం కాని మంచి దారిలో బగ్ అరుదు, అందరూ దాన్నే పరీక్షిస్తారు కాబట్టి. బ్లాక్ తీసుకున్నాక దాన్ని ఎక్స్‌టెంట్ చెట్టులో (ఫైల్‌కి ఏ బ్లాకులున్నాయో రాసే చోటు) పెట్టేటప్పుడు చోటు చాలకో కోటా దాటో విఫలమైతే, తీసుకున్నది తిరిగిచ్చారా అన్నది మొదట చూడు. కానీ ప్రతి లీకూ బగ్ కాదు. చెట్టే చెడిపోయిందేమోనన్న తప్పు వస్తే ఈఎక్స్‌టీ4 కావాలనే బ్లాకుల్ని లీక్ చేస్తుంది, ఎవరో ఇంకా వాడుతున్న బ్లాక్‌ని పొరపాటున వదిలితే ఇంకా పెద్ద నష్టం కనుక. ఆ చోట తెలివిగా ఫ్రీ చెయ్యబోయావో, మైనస్‌ని ప్లస్‌గా మార్చినవాడివవుతావు.

4 కేబీ బ్లాక్ నంబర్‌ని బైట్ల లెక్కకి మార్చడానికి 12 బిట్లు ఎడమకి జరిపే చోట చూడు. వేరియబుల్ 32 బిట్లదైతే, జరిపాక 64 బిట్లకి మార్చినా లాభం లేదు, 4 జీబీ దాటిన భాగం అప్పటికే పోయింది. బ్లాకుల్ని క్లస్టర్లనే గుత్తులుగా ఇచ్చే బిగ్‌అలోక్ వాడితే ఒక క్లస్టర్‌లో కొన్ని బ్లాకులే వాడుకలో ఉండొచ్చు, ఆ క్లస్టర్ మొత్తాన్ని వదిలేస్తే ప్లస్ గుర్తే. జర్నల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే చిట్టా) కమిట్ కాకముందు, విడుదలైన బ్లాక్‌ని ఇంకొకరికి ఇవ్వకూడదు. మధ్యలో కరెంట్ పోతే పాత ఫైల్ మళ్ళీ లేచి ఆ బ్లాక్ నాదే అంటుంది.

రిజర్వేషన్ బగ్గైతే ఇనోడ్‌లోని సంఖ్య, ఫైల్‌సిస్టమ్ కౌంటర్, కోటా మూడూ కలిసి తగ్గాలి. కౌంటర్ మైనస్‌లోకి పోతోందని సున్నా దగ్గర ఆపే ప్యాచ్ మాత్రం రాయకు. అది జ్వరం తగ్గించకుండా థర్మామీటర్‌ని పగలగొట్టడం.

ప్యాచ్ అయ్యాక ఫైల్‌సిస్టమ్ పరీక్షల సెట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో, చోటు అయిపోయిన స్థితిని పరీక్షించే ఈనోస్పేస్ గ్రూప్‌ని 4 కేబీ, 1 కేబీ, బిగ్‌అలోక్ మూడింటితో నడుపు. ఫెయిల్‌స్లాబ్‌తో మెమరీ కేటాయింపులు విఫలమయ్యేలా చేసి, ప్రతి పరుగు తర్వాతా అన్‌మౌంట్ చేసి తనిఖీ చెయ్యి. వచ్చిన తేడాల లైన్లు గుర్తులతో సహా నాకు పంపు.

నీ బాబాయి