డ్రమ్స్ సంగతి తర్వాత, ముందు ఆ వాగ్దాన కార్డు చూడండి

ఆరాధన వాక్యానుసారంగా జరగాలంటే సంఘంలో డ్రమ్స్, కీబోర్డు మానేయాలా అని అడిగారు. అక్కర్లేదు. 150వ కీర్తనలో బూర, సితార, తంబుర, మ్రోగు తాళాలు అన్నీ ఉన్నాయి. వద్దనేవాళ్లు మత్తయి 15:9లోని "మనుష్యులు కల్పించిన పద్ధతులు" అన్న మాట చూపిస్తారు. అదే మాట, కొత్త సంవత్సరానికి ఒక్కో బైబిలు వచనం అచ్చేసి పంచే వాగ్దాన కార్డులకి ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

మాది విశాఖపట్నంలో మల్కాపురం వైపు. ఆరేళ్ల కిందట డిసెంబరు 31 రాత్రి కూడిక. ఆ ఏడు జూలైలోనే మా మేనత్త కొడుకు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. అప్పట్నుంచి ఆవిడ మందిరానికి రావడమే మానేసింది. ఆ రాత్రి మేమే బతిమాలి తీసుకొచ్చాం. పన్నెండవగానే హార్బరులో ఓడలు సైరన్లు వేశాయి, లోపల చప్పట్లు. తర్వాత వాగ్దానాలు. స్టీలు పళ్లెంలో బోర్లించిన కార్డులు, మనిషికొకటి తీసుకోవాలి. పళ్లెం పట్టుకుని తిరిగింది నేనే. అత్తకి గులాబీ పువ్వు బొమ్మ ఉన్న కార్డు వచ్చింది: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." యోబు 8:7. మన ఊళ్లో టైలరు షాపు, మెడికల్ షాపు, ఆటో వెనక అద్దం, ఎక్కడ చూసినా ఇదే వచనం.

తెల్లారి ఆరింటికి ఫోను. "ఏట్రా ఇది? ఎవురన్నారీ మాట?"

నిద్ర పట్టక ఆ అధ్యాయం మొదట్నుంచి చదివిందట. మూడు వచనాల పైన, 4వ వచనంలో, ఆ మనిషే యోబుతో అంటాడు, నీ కుమారులు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లని అప్పగించాడేమో అని. పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రితో! అన్నవాడు షూహీయుడైన బిల్దదు, యోబును ఓదార్చడానికొచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడు. చివరికి 42:7లో దేవుడే ఆ ముగ్గురు స్నేహితుల మీద కోపపడి, మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదంటాడు. ఆ మాటకే మేం లామినేషన్ చేయించి పంచాం.

నేనూ తీసి చూసి, అన్నది ఎవరో చెప్తే అత్త ఒక్కటే అడిగింది, "మరి మీరు సదవలేదేటి?" అని. పుట్టినప్పట్నుంచి చర్చిలోనే పెరిగిన వాణ్ని, నేనూ చదవలేదు. పాస్టరుగారిని అడిగితే, "కార్డులు సెట్టుగా కొంటాం బాబూ, అన్నీ చూసుకోలేం కదా" అన్నారు. ఆయన మంచి మనిషి. పిల్లాడు పోయినప్పుడు మూడు రాత్రులు అత్తావాళ్ల అరుగు మీదే కూర్చున్నారు. అందుకే ఇంకేం అనలేకపోయాను.

తర్వాతి ఆదివారం వాచీ చూసుకుంటూ కూర్చున్నా. మూడు గంటల ఆరాధనలో బైబిలు చదివింది నాలుగు నిమిషాలు. ప్రకటనలకి పదకొండు. పాటకీ పాటకీ మధ్య "గట్టిగా ఆమెన్ చెప్పండి" అనడం ఎన్నిసార్లో లెక్క తప్పింది. పైగా యూట్యూబ్ లైవ్ వాళ్ల లైటు మొహాల మీద. శాస్త్రియైన ఎజ్రా యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే జనం నిలబడి విన్నారని నెహెమ్యా 8లో ఉంది. మనకి ఒక్క అధ్యాయం చదివితే కాళ్లు లాగుతాయి.

పోనీ ఇది ఏదో ఊరా అంటే విశాఖపట్నం! 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఇక్కడికొచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యేసరికి 1812 వచ్చింది. వాళ్లిద్దరూ ఆ పుస్తకం కళ్లచూడలేదు. మనమేమో దాన్ని వచనాలుగా కత్తిరించి పళ్లెంలో పెడుతున్నాం.

కాబట్టి నా మాట వింటే, ఆరాధనలో ఒక అధ్యాయం ముందు నుంచి చివరిదాకా చదివించండి. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారో అదే తెలిసిపోతుంది. మా గురువారం ఇంటి కూడికలో యోబు గ్రంథం వారానికొక అధ్యాయం చొప్పున పూర్తి చేశాం. చదివింది అత్తే. 8వ అధ్యాయం వచ్చిన వారం నువ్వు చదవొద్దులే అన్నాను. వినలేదు. 4వ వచనం దగ్గర కాసేపు ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ అందుకుంది.

మీ కీబోర్డు ఉంచుకోండి. ఆ సౌండ్ బాక్సులు మాత్రం ముసలాళ్ల వరసకి కాస్త దూరంగా పెట్టించండి.