నీ యోహాను మరీ నవ్వుతున్నాడు

తమ్ముడికి,

బాప్తిస్మమిచ్చే యోహాను మీద నువ్వు రాసిన నవల రాతప్రతి అందింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. జెకర్యా మైనపు పలక మీద కొడుకు పేరు రాసి, రాసిన అక్షరాల్ని బొటనవేలితో తడిమి చూసుకుంటాడే, ఆ చోటు బాగుంది. ఇక తిట్లకు వస్తాను.

చెరసాల ప్రకరణం చదివి ప్రతిని గోడకేసి కొడదామనుకున్నాను. మకేరస్ కోటలో నీ యోహాను తలారిని చూసి చిరునవ్వు నవ్వుతాడు. "నా పని అయిపోయింది, యేసు సిలువమీద లోకాన్ని రక్షిస్తాడు" అంటాడు. సిలువ సంగతి యోహానుకెవడు చెప్పాడయ్యా? అది జరిగే నాటికి ఆయన లేడు. నీకు తెలిసింది ఆయన నోట్లో కుక్కావు. నలభై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదొక్కటే: ముందు నడిచేవాడికి తాను 'ముందు నడిచేవాణ్ని' అని తెలియదు. ఆ పేరు వెనక వచ్చినవాళ్లు పెట్టేది.

మత్తయి పదకొండో అధ్యాయం మళ్లీ చదువు. చెరసాలలోంచి శిష్యుల్ని పంపి ఆయన అడిగించిన మాట ఏమిటి? "రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" నీ పుస్తకంలో ఈ ప్రశ్నే లేదు! ఎందుకు అడిగాడో ఆలోచించావా? యోర్దాను ఒడ్డున ఆయన చెప్పిందేమిటి, రాబోయేవాడు చేట చేతపట్టుకుని వస్తాడు, గింజ కొట్టులోకి, పొట్టు ఆరని మంటలోకి. చెట్ల వేరున గొడ్డలి పెట్టే ఉంది. తీరా వచ్చిన యేసు, పన్నులు పిండే సుంకరుల పక్కన కూర్చుని భోంచేస్తున్నాడు. గొడ్డలి ఊసే లేదు. లోపల పడి ఉన్నవాడికి ఎలా ఉంటుంది?

యేసు పంపిన జవాబు ఇంకా చూడు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, కుష్ఠరోగులు శుద్ధులవుతున్నారు, చెవిటివారు వింటున్నారు, చనిపోయినవారు లేస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది. కుష్ఠరోగుల మాట తప్ప మిగతావన్నీ యెషయా ప్రవక్త గ్రంథంలోంచి వినిపించే మాటలే. కానీ అదే యెషయా అరవై ఒకటో అధ్యాయంలో చెరలో ఉన్నవారికి విడుదల అని కూడా ఉంది. లూకా ప్రకారం నజరేతు సమాజమందిరంలో యేసు ఆ మాట పైకి చదివాడు కూడా. యోహానుకు పంపిన జవాబులో మాత్రం అది లేదు. ఆ పద్దు ఒక్కొక్కటే వింటూ, తన వంతు మాట కోసం చెవి రిక్కించిన ఖైదీని ఊహించుకో. శిష్యులు చెప్పడం ఆపేశారు. ఆ తర్వాత ఆయన ఏమన్నాడో సువార్తలు రాయలేదు. నీకు అంత ఖాళీ వదిలిపెడితే నువ్వు అక్కడ చిరునవ్వు అతికించావు.

నీ తప్పు కొత్తదేం కాదులే. తొలి సంఘానికీ ఈయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఒక పట్టాన తేలలేదు. యేసు యోహాను చేత బాప్తిస్మం పొందాడని మార్కు సాదాగా చెప్పేశాడు. మత్తయికి వచ్చేసరికి యోహాను "నేను నీచేత పొందాలి గానీ" అని అడ్డుపడతాడు. లూకా అయితే ముందు యోహానును చెరలో వేయించి, ఆ తర్వాత బాప్తిస్మం సంగతి ఎత్తుతాడు. నాలుగో సువార్తలో బాప్తిస్మం తంతే కనబడదు. మళ్లీ వస్తాడని జనం ఎదురుచూసిన పాత ప్రవక్త ఏలీయా ఈయనేనా అంటే మత్తయిలో యేసు ఔనంటాడు, నాలుగో సువార్తలో యోహానే కాదంటాడు. ఎఫెసులో పౌలుకు ఎదురైన పన్నెండుమందికి యోహాను బాప్తిస్మం తప్ప వేరే తెలియదు. అంటే ఆయన పోయాక కూడా ఆయన పేరు మీద మనుషులున్నారు! యూదు చరిత్రకారుడు జోసీఫస్ 93-94 ప్రాంతంలో ముగించిన గ్రంథంలో యోహాను గురించి రాశాడు, యేసుతో ముడిపెట్టనే లేదు. యోహానును చంపించిన పాలకుడు హేరోదు అంతిప భయపడింది జనం తిరగబడతారని, అంతే. నీ నవలకు కావలసిన సరుకంతా ఈ అతుకుల దగ్గరే ఉంది.

జోసీఫస్ పేరెత్తాను కాబట్టి ఆ నాట్యం సంగతి కూడా. హేరోదు విందులో ఆడి, యోహాను తలను పళ్లెంలో పెట్టి ఇమ్మని అడిగిన ఆ పిల్లకు సువార్తల్లో పేరే లేదు. సలోమి అన్న పేరు జోసీఫస్ దగ్గర దొరుకుతుంది, ఆయన దగ్గర నాట్యమూ లేదు, పళ్లెమూ లేదు. నువ్వు దానికి పదకొండు పేజీలు ఇచ్చావు. నాకూ ఇది తగిలింది. కుర్రతనంలో చెరసాల మీద కథ రాసి ఒక వారపత్రిక క్రిస్మస్ ప్రత్యేక సంచికకు పంపితే, సంపాదకుడుగారు పిలిచి "నాట్యం పెంచండి, జైలు తగ్గించండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్లే పెంచి, వాళ్లే తగ్గించి, బొమ్మతో సహా వేశారు. నా ప్రశ్న ఎగిరిపోయింది. పారితోషికం నలభై రూపాయలు, అదీ సంక్రాంతికి. ఇప్పటి సంపాదకులు నాట్యం అడగరు, 'కోణం' అడుగుతారు. ఏదో ఒకటి అడుగుతారు.

యోహాను తిన్న మిడతల కింద నువ్వు రాసిన అధోజ్ఞాపిక కొట్టెయ్. అవి ఏవో చెట్టుకాయలని ఎవరు చెప్పారో గానీ, లేవీయకాండం మిడతల్ని తినవచ్చని చెబుతూనే ఉంది. పూర్వం ఎబియోనీయులని ఒక వర్గం ఉండేది. మాంసం ముట్టనివాళ్లు, తమ సువార్తలో మిడతను తేనె అప్పంగా మార్చేసుకున్నారు. గ్రీకులో ఆ రెండు మాటలూ దగ్గర దగ్గరగా వినబడతాయి. వాళ్లకు ఒక నియమం అడ్డొచ్చింది. నీకేం అడ్డొచ్చింది?

మా ఊరి గుళ్లో నాటిక వేసినప్పుడు నేనే యోహానును. ఒంటె రోమాలకు గోనెసంచి, తోలుదట్టికి మా నాన్న బెల్టు, మిడతలకు వేయించిన వేరుశెనక్కాయలు. ఒళ్లంతా దురద. చివర "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అనాలి. గాభరాలో తిరగేసి, "నేను హెచ్చవలసియున్నది" అనేశాను. గుడి గుడంతా గొల్లుమంది. వెనక వరసలో మా ఉపదేశి తాత ఒక్కడే నవ్వలేదు. ఇంటికొచ్చాక అన్నం తింటూ, "అట్లా కూడా అనిపించి ఉంటుందిరా ఆయనకి, ఎప్పుడో ఓ రాత్రి" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆ మాటతోనే రాయడం మొదలుపెట్టాను నేను.

తూర్పు సంఘాల చిత్రకారులు యోహానుకు రెక్కలు పెడతారు. ముందుగా వచ్చి దారి సిద్ధం చేస్తాడని మలాకీ ప్రవక్త చెప్పిన 'దూత'కు గ్రీకులో ఉన్న మాటే దేవదూతకూ మాట, అందుకని. బొమ్మలో అందంగానే ఉంటుంది. నీ ప్రతిలో మాత్రం ఆయన మూడో పేజీ నుంచే రెక్కలతో తిరుగుతున్నాడు.

ప్రచురణకర్త గురించీ, పేరు మార్చుకోవడం గురించీ ఏవో అడిగావు. ఉత్తరం ఎక్కడ పెట్టానో కనబడటంలేదు. ముందుమాట రాయమన్నది మాత్రం గుర్తుంది. దాని సంగతి తర్వాత. ముందు చెరసాల ప్రకరణం తిరగరాసి పంపు. చేతిరాతైనా ఫరవాలేదు, నకలు ఒకటి నీ దగ్గర ఉంచుకో. మా ఇంట్లో చెదలు పట్టింది.

మీ అన్న