మొదటి ఉద్యోగం, మొదటి జీతం: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చదువు అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరబోతున్నవాళ్ళవి, చేరి అసంతృప్తిగా ఉన్నవాళ్ళవి, వాళ్ళ అమ్మానాన్నలవి. ఈ శీర్షిక మొదటిసారి చదువుతున్నవాళ్ళకు ఒక మాట. నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ జీతాల సెక్షన్‌లోనూ, తర్వాత మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్‌ఆర్‌లోనూ పనిచేసి రిటైరయ్యాను. అందుకే నా జవాబుల్లో ఓదార్పు తక్కువ, కూడికలు తీసివేతలు ఎక్కువ.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తణుకు. ఈ ఏడాదే బీటెక్ ఈసీఈ పూర్తయింది. క్యాంపస్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకటి 4.2 లక్షల ప్యాకేజీ ఇచ్చింది. నా రూమ్మేట్‌కి వేరే కంపెనీలో 11 లక్షలు వచ్చింది. మార్కులు నాకే ఎక్కువ. దీంట్లో చేరాలంటే మనసొప్పడం లేదు. చేరకుండా ఆర్నెల్లు అమీర్‌పేటలో కోర్సు చేసి పెద్ద ప్యాకేజీకి ప్రయత్నించమంటారా? ఆఫర్ లెటర్ ఫొటోలు జత చేశాను.

జవాబు: బాబూ, నువ్వు పంపిన కాగితాల్లో రెండోది తీయి. నువ్వు మొదటి పేజీ దగ్గరే ఆగినట్టున్నావు. 4,20,000ని పన్నెండుతో భాగిస్తే 35,000 వస్తుంది, ఇంట్లో అదే చెప్పి ఉంటావు. రెండో పేజీలో ఏముందో చూడు. ఏడాది చివర కంపెనీ లాభాన్ని, నీ రేటింగ్‌ని బట్టి ఇచ్చే వేరియబుల్ 42,000. ఏడాది నిండితేనే చేతికొచ్చే రిటెన్షన్ బోనస్ 25,000. కంపెనీ తరఫున పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ 10,100, అది సాధారణంగా ఐదేళ్ళు పనిచేసినవాళ్ళకే దక్కుతుంది. ఇన్సూరెన్స్ 9,000. ఇవన్నీ కలిపి 1,07,700. ఇది పోగా మిగిలింది 3,12,300, అంటే నెలకు 26,025. అందులోంచి నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతాయి. నీ అకౌంట్‌లో పడేది 24,025 రూపాయలు. ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి మాత్రం టెన్షన్ పడకు. కొత్త విధానంలో 2025-26 నుంచి జీతగాళ్ళకు ఏడాదికి 12.75 లక్షల వరకు పన్ను పడదు.

దీన్ని మోసం అనను. నువ్వు ప్యాకేజీ అంటున్నదాన్నే కంపెనీవాళ్ళు సీటీసీ అంటారు. అంటే కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు, అంతే. దాన్ని జీతం అనుకునే అలవాటు మనది. మీ రూమ్మేట్ 11 లక్షలకు కూడా ఒక రెండో పేజీ ఉంటుంది, దాంట్లో షేర్లు, జాయినింగ్ బోనస్ ఎంతో అడిగి చూడు. అయినా అతని చేతికి నీకంటే రెట్టింపుకు పైనే వస్తుందిలే, అది కాదనను.

మరి 24 వేలు తక్కువా? మాదాపూర్ చుట్టుపక్కల షేరింగ్ హాస్టల్‌కి భోజనంతో కలిపి ఎనిమిది, తొమ్మిది వేలు పోతాయి. బస్సు, మెట్రో, ఫోను, సాయంత్రం టిఫిను, బట్టలు, తణుకు రాకపోకలు అన్నీ వేసుకున్నా జాగ్రత్తపరుడు నెలకు ఆరేడు వేలు మిగుల్చుకోవచ్చు. ఇంటికి పంపాల్సిన బాధ్యత ఉంటే మాత్రం కష్టమే. పెద్ద సర్వీస్ కంపెనీలు మామూలు ఫ్రెషర్‌కి ఇచ్చేది పదేళ్ళకు పైగా మూడు, నాలుగు లక్షల మధ్యే తిరుగుతోంది. ఈలోగా హాస్టల్ ఫీజు ఆగిందా, టిఫిన్ ధర ఆగిందా? మీ తరం గొణుక్కోవడంలో న్యాయముంది.

"మొదటి జీతం ముఖ్యం కాదు, నేర్చుకోవడమే ముఖ్యం" అని క్యాంపస్‌లకు వచ్చి ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల మాట నేను పూర్తిగా ఒప్పుకోను. హెచ్‌ఆర్‌లో కూర్చుని చూశాను కదా. రెండో కంపెనీకి వెళ్ళినప్పుడు మొదట అడిగేది పాత పేస్లిప్పే. దాని మీద ఇరవయ్యో ముప్పయ్యో శాతం వేసి ఇస్తారు. తక్కువ దగ్గర మొదలైనవాడు కొన్నేళ్ళ పాటు ఆ తక్కువని వెంటేసుకునే తిరుగుతాడు. ఆ గొలుసు తెగాలంటే బజారులో గిరాకీ ఉన్న పని చేతిలో ఉండాలి. ఒకే కంపెనీలో కూడా అంతే. టీసీఎస్‌నే తీసుకో. ఈమధ్య బ్యాచ్‌లలో నింజా అనే మామూలు కేటగిరీ కింద చేరినవాళ్ళకు ఏడాదికి 3.36 లక్షలు, డిజిటల్ అనే పై కేటగిరీ కింద చేరినవాళ్ళకు దాదాపు ఏడు. కాలేజీ అదే కావచ్చు, రాసిన పరీక్ష కూడా అదే. తేడా వచ్చేది కోడింగ్ రౌండ్లో, ఇంటర్వ్యూలో.

కాబట్టి చేరు. చేరేముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, ట్రైనింగ్ దేంట్లో ఇస్తారు, ఎన్నాళ్ళు, తర్వాత ఏ ప్రాజెక్టుల్లో వేస్తున్నారు అని అడుగు. జవాబు వస్తుందో రాదో, వస్తే ఎంత సూటిగా ఉందో చూసుకుంటే ఆ కంపెనీ సంగతి సగం తెలుస్తుంది. అమీర్‌పేట కోర్సు శని, ఆదివారాల్లో చెయ్యి. ఇంట్లో కూర్చుని గ్యాప్ తెచ్చుకుని, ఆ గ్యాప్‌కి కథలు అల్లుకునే బాధ ఎందుకు?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలో రూమ్మేట్ ఉన్నాడు, మార్కులున్నాయి, ప్యాకేజీలున్నాయి. నువ్వు చేయబోయే పని ఏమిటో మాత్రం ఒక్క వాక్యం లేదు.

ప్రశ్న: అమ్మా, నేను హనుమకొండ అమ్మాయిని. రెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడు లక్షలు. సపోర్ట్ ప్రాజెక్ట్, నెలలో రెండు వారాలు నైట్ షిఫ్ట్. టికెట్ (అంటే కస్టమర్ ఫిర్యాదు) వస్తుంది, క్లోజ్ చేస్తాం, మళ్ళీ వస్తుంది. మంచి జీతమే, కానీ ఆఫీసుకు వెళ్ళాలంటేనే ఏడుపొస్తోంది. మానేసి మా ఊళ్ళో టీచర్‌గా చేరదామనుకుంటున్నా. ఇంట్లో "ఏడు లక్షలు ఎవరైనా వదులుకుంటారా, హైక్ అడుగు" అంటున్నారు.

జవాబు: తల్లీ, ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు రాజీనామా చేసినవాళ్ళ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నా టేబుల్ మీదుగానే వెళ్ళేది. ఫారంలో "మానడానికి కారణం" అని ఒక గడి ఉండేది. నూటికి తొంభై మంది దాంట్లో "బెటర్ ప్రాస్పెక్ట్స్" అనే రాసేవాళ్ళు, ఒకళ్ళని చూసి ఒకళ్ళు, స్పెల్లింగ్ తప్పులతో సహా. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి, కవర్లో డబ్బు లెక్కపెట్టుకుంటూ మాత్రం అసలు మాట చెప్పేవాళ్ళు. "నా పని ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఎవరూ చూడలేదు మేడమ్." "ఆ ఫోర్‌మన్ నోరు భరించలేను." "చేసిందే చేయడం, ఏం నేర్చుకున్నానని?" జీతం తక్కువని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళది న్యాయమైన కారణమే. కానీ ఈ మాటలన్న వాళ్ళకి ఇంకో రెండొందలు పెంచితే ఆగేవాళ్ళా అంటే, ఆగినవాళ్ళు కూడా ఆర్నెల్లకు మళ్ళీ అదే ఫారం పట్టుకుని వచ్చేవాళ్ళు.

హెర్జ్‌బర్గ్ అని ఒక అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి, మీకు ఉద్యోగం బాగా నచ్చిన సందర్భం చెప్పండి, బాగా విసుగొచ్చిన సందర్భం చెప్పండి అని అడిగాడు. విసుగు కథల్లో ఎక్కువగా వినిపించినవి కంపెనీ రూల్స్, పైవాడి తీరు, జీతం, వసతులు. సంతోషం కథల్లో ఎక్కువగా వినిపించినవి సాధించిన పని, దక్కిన గుర్తింపు, పని మీద ఉన్న ఇష్టం, బాధ్యత. ఆయన పద్ధతిని తప్పుపట్టినవాళ్ళు తర్వాత చాలామందే వచ్చారు. నా టేబుల్ దగ్గర విన్నదానికి మాత్రం అది సరిపోయింది. జీతం చాలకపోతే మనిషికి కడుపుమంట. అది తీరినంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. మీ ఇంట్లోవాళ్ళు ఆ మందుని ఈ రోగానికి వాడమంటున్నారు.

అయితే నీ రోగమేమిటో నాకు ఇంకా స్పష్టంగా లేదు. నిద్ర చెడి ఏడుపొస్తోందా? పని నచ్చక వస్తోందా? పక్కన మనుషులు బాగాలేకనా? నైట్ షిఫ్ట్ లేని వారాల్లో ఎలా ఉంటున్నావో గమనించు. ఆ వారాల్లో బాగానే ఉంటే నీకు కావలసింది ప్రాజెక్టు మార్పు. కంపెనీలో ఇంటర్నల్ ఓపెనింగ్స్ చూసి అప్లై చెయ్యి. మేనేజర్ రిలీజ్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు, నోటి మాట వద్దు. పగటి షిఫ్టులోనూ ఇదే పరిస్థితి అయితే వేరే ఉద్యోగం వెతుక్కో, దొరికాకే రాజీనామా ఇవ్వు. మీ నోటీస్ పీరియడ్ తొంభై రోజులా కాదా ఈరోజే చూసుకో. ఏడుపు ఆగకపోతే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌ని కలువు.

టీచర్ సంగతి. ఇష్టంతో వెళ్తే చాలా మంచి పని. కానీ అది అలసిపోయినవాళ్ళు వెళ్ళి సేదతీరే చోటు కాదమ్మా. ప్రభుత్వ స్కూల్లో చేరాలంటే ఎడ్‌సెట్ రాసి రెండేళ్ళు బీఎడ్ చేయాలి, టెట్ పాసవ్వాలి, ఆ తర్వాత డీఎస్సీ నోటిఫికేషన్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూడాలి. ప్రైవేటు స్కూల్లో అయితే చాలాచోట్ల పదిహేను, ఇరవై వేలే. ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పాలంటే ఎంటెక్ కావాలి. ముందు ఒక నెల ఆదివారాలు మీ హాస్టల్ పక్క బస్తీలో పిల్లలకు లెక్కలు చెప్పి చూడు. సోమవారానికి ఉత్సాహంగా ఉంటే మళ్ళీ రాయి.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది నంద్యాల. మా అబ్బాయి బీటెక్ మెకానికల్. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌లో చేరాడు. చేతికి 19 వేలు. వాడు సంతోషంగానే ఉన్నానంటాడు. నాకే నలుగురిలో తల కొట్టేసినట్టుంది. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు బ్యాంకు కోచింగ్‌కి మా ఊరు వస్తుంటే, మావాడు ఊరొదిలి మిషన్లు బాగు చేసుకుంటున్నాడు. మాన్పించి కోచింగ్‌లో చేర్పిద్దామంటే వినడం లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: అయ్యా, మీ బాధ అర్థమైంది. బ్యాంకు ఉద్యోగం మంచిది కాదని చెప్పను. ప్రభుత్వ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్‌కి మొదటి బేసిక్కే 48,480. డీఏ, ఇంటి అద్దె వగైరాలు దానికి అదనం. 19 వేల పక్కన పెడితే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఐబీపీఎస్ పీఓకి జనరల్ వాళ్ళకైనా ముప్పై ఏళ్ళ దాకా వయసు ఉంది కాబట్టి తలుపులు ఇప్పుడే మూసుకుపోలేదు. వాడికి ఆ కోరిక పుడితే ఉద్యోగం చేస్తూ కూడా రాయొచ్చు.

అయితే "నలుగురిలో" అన్నారు చూడండి, దాని గురించి ఒకటి గుర్తుచేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి కదా. అప్పుడు చేరినవాళ్ళకు ప్రొబేషన్‌లో నెలకు 15 వేలు. బీటెక్‌లు, ఎంటెక్‌లు కూడా చేరారు. 2022 మధ్యలో ప్రొబేషన్ ఖరారై పే స్కేలు వచ్చేదాకా అదే జీతం. ఆ 15 వేలవాడికి మన ఊళ్ళలో పెళ్ళి సంబంధాలు రాలేదా? "గవర్నమెంటు ఉద్యోగమండీ" అని గర్వంగా చెప్పుకోలేదా? ఫ్యాక్టరీ 19 వేలకు తలదించుకుంటున్నాం. నలుగురూ చూసేది అంకెని కాదు సార్, ఉద్యోగం పేరుని. ఆ నలుగురి కోసం పిల్లవాడిని మాన్పించడం నాకు సబబుగా అనిపించడం లేదు.

మీరు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. వాడు కంపెనీ రోల్స్ మీద ఉన్నాడా, కాంట్రాక్టర్ కింద ఉన్నాడా? ఇది చాలా ముఖ్యం. శ్రీసిటీలాంటి చోట్ల పక్కపక్కన ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు పర్మనెంట్, ఒకరు కాంట్రాక్టు ఉండటం మామూలే. పీఎఫ్ నంబరు వచ్చిందా, అందులో డబ్బు పడుతోందా ఫోన్లోనే చూసుకోవచ్చు. నెలకు 21 వేల లోపు జీతమైతే ఈఎస్‌ఐ కార్డు ఉండాలి. షిఫ్టు దాటి పనిచేయిస్తే ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కట్టిస్తున్నారా? ఇక పనిలో ఏం చేస్తున్నాడో అడగండి. నూనె తుడిచి బోల్టులు బిగించడమేనా, మిషన్లను నడిపించే చిన్న కంప్యూటర్, అదే పీఎల్‌సీ, దాని ప్యానెల్ మీద చెయ్యి వేయనిస్తున్నారా? పీఎల్‌సీ, రోబో లైన్లు వచ్చిన మెయింటెనెన్స్ కుర్రాడికి మూడేళ్ళ తర్వాత చెన్నై వైపు ఫ్యాక్టరీల్లో అడిగి తీసుకునేవాళ్ళుంటారు. బోల్టుల దగ్గరే ఉంచేస్తే మాత్రం ఏడాది తర్వాత మీరన్నదాని గురించి వాడు కూడా ఆలోచించాలి.

ఒకసారి వెళ్ళి వాడి రూంలో రెండు రోజులుండి రండి. ఫోన్లో "సంతోషంగానే ఉన్నా" అన్నమాట నిజమో, మీతో గొడవెందుకని అంటున్నాడో అక్కడ తెలుస్తుంది. నిజమే అయితే మీ బంధువులకు ఏం చెప్పాలో వాడినే అడగండి, బాగా చెప్తాడు.

ప్రశ్న: మూడేళ్ళ బాండ్ రాయమంటున్నారు, మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలట. బాండ్లు కోర్టులో చెల్లవని యూట్యూబ్‌లో చెప్తున్నారు. నిజమేనా మేడమ్? ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇమ్మంటున్నారు. (ఒంగోలు నుంచి)

జవాబు: ఆ వీడియో నమ్మి సంతకం పెట్టకు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో సరిగ్గా ఇలాంటి బాండ్‌నే సమర్థించింది. అందులోనూ మూడేళ్ళు, రెండు లక్షలే. అలాగని ప్రతి కంపెనీ ప్రతి బాండూ చెల్లుతుందని కాదు. నీకు ఏం ట్రైనింగ్ ఇచ్చారు, వాళ్ళు అడిగే డబ్బు సమంజసమా అన్నది చూస్తారు. సంతకానికి ముందు ఊళ్ళో లాయర్‌కి ఒకసారి చూపించు. ఒరిజినల్స్ మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్సులు ఇవ్వు. ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం మానుకోమనే చెప్తాను.

ప్రశ్న: లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ ఇప్పిస్తామంటున్నారు. (ఖమ్మం నుంచి)

జవాబు: కట్టొద్దు. ఇప్పటికే కట్టి ఉంటే రసీదులు, చాట్‌లు తీసుకుని వెంటనే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు, సిగ్గుపడి ఊరుకోకు.

ఆఫర్ లెటర్లు పంపేవాళ్ళు అన్ని పేజీలూ పంపండి, రెండో పేజీ లేకుండా నేనేమీ చెప్పలేను. పాన్, ఆధార్, ఫోన్ నంబర్ల మీద మాత్రం గీత కొట్టి పంపండి.