కేంద్రమంత్రి మధ్యలో ప్రధాని ఎలా అవుతారు?

అప్పటి శ్రీకాకుళం ఎంపీ ఎర్రన్నాయుడు ఉన్న మంత్రివర్గంలోనే ఇది జరిగింది. దేవెగౌడ ప్రభుత్వంలో ఆయనా మంత్రే, ఐ.కె. గుజ్రాల్ విదేశాంగ మంత్రి. కాంగ్రెస్ మద్దతు తీసేయడంతో 1997 ఏప్రిల్ 11న దేవెగౌడ విశ్వాస పరీక్షలో ఓడారు. కాంగ్రెస్‌కు కావలసింది మనిషి మార్పే, ఎన్నికలు కాదు. అధికారంలో ఉన్న యునైటెడ్ ఫ్రంట్ కూటమిలో పెద్ద తలకాయలు ఒకరికొకరు అడ్డుపడటంతో, పెద్దగా శత్రువుల్లేని గుజ్రాల్ నాయకుడయ్యారు. 21న ప్రమాణం చేశారు.

ఆయనది రాజ్యసభ. అదేం అడ్డు కాదు. ఏ సభలోనూ లేకున్నా ఆరు నెలల గడువుంటుంది: పి.వి. 1991 జూన్‌లో ప్రధాని అయ్యి, నవంబరులో నంద్యాలలో గెలిచారు.

సీనియారిటీ కన్నా లోక్‌సభ లెక్కే ముఖ్యం: అందరూ హాజరైతే 543లో 272. అరువు మద్దతుతో నడిచిన గుజ్రాల్, డీఎంకే మంత్రులను తప్పించనన్నందుకు కాంగ్రెస్ మళ్లీ తప్పుకోగా 1997 నవంబరులోనే రాజీనామా ఇచ్చారు.